ఇంటిపేరు మారిన తంగేడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బతుకమ్మ దగ్గర పడ్డందుకేమో, ఈసారి ఉత్తరాల్లో సగం పూల పేర్ల మీదే వచ్చాయి. మిగతా సగం వానలకు బయటికొచ్చిన నత్తల మీద. ఒకే రకం సందేహాలను ఒకచోట కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ రికార్డులో తంగేడు పేరు 'కాసియా ఆరిక్యులేటా' అని రాస్తే మా మేడం కొట్టేసి 'సెన్నా ఆరిక్యులేటా' అని దిద్దారు. మా అక్క చదివిన పాత పుస్తకంలో కాసియా అనే ఉంది. రేల చెట్టును మాత్రం ఇప్పటికీ కాసియా అనే అంటున్నారు. ఏది సరైనది? పేరు చివర బ్రాకెట్లో 'ఎల్.' ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ మేడం దిద్దిందే సరి. అట్లని మీ అక్క పుస్తకం తప్పూ కాదు, పాతది, అంతే.

శాస్త్రీయ నామం మన పేర్ల లాగే నడుస్తుంది. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ముందున్న మాట ప్రజాతి, వెనకున్నది జాతి. తంగేడుకు 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నది అని. ఒక తంగేడు కొమ్మ విరిచి ఆకుకాడ మొదలు చూడండి. రెండు పక్కలా చెవితమ్మెల్లాగా వెడల్పాటి పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. పేరు వాటిని చూసి పెట్టిందే.

అప్పట్లో కాసియా పెద్ద ఉమ్మడి కుటుంబం, వందల జాతులు అందులోనే ఉండేవి. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు దాన్ని కాసియా, సెన్నా, కెమేక్రిస్టా అని మూడుగా విడగొట్టారు. తంగేడు సెన్నా వాటాకు వచ్చింది. దానికి కొత్తగా పేరు కట్టే పని కూడా పడలేదు. కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేసిన రాక్స్‌బర్గ్ ఎప్పుడో దాన్ని సెన్నాలో పెట్టి ఉన్నాడు. ఆయన పోయాక 1832లో అచ్చయిన పుస్తకంలో ఆ పేరుంది. దాన్నే మళ్లీ వాడుకలోకి తెచ్చారు.

ఇక బ్రాకెట్ సంగతి. పూర్తి పేరు 'సెన్నా ఆరిక్యులేటా (ఎల్.) రాక్స్‌బ.' మొదట పేరు పెట్టినవాడు బ్రాకెట్ లోపల, ఇల్లు మార్చినవాడు బయట. 'ఎల్.' అంటే లిన్నేయస్. వృక్షశాస్త్రంలో ఒక్క అక్షరంతో గుర్తుపట్టే గౌరవం ఆయనకే దక్కింది. రేలకు ఇల్లు మారలేదు కాబట్టి దానికి బ్రాకెట్ ఉండదు: కాసియా ఫిస్టులా ఎల్.

విడగొట్టడానికి కారణం పువ్వులోనే ఉంది, భూతద్దం కూడా అక్కర్లేదు. రేల పూసేది ఎండాకాలంలో. ఆ రోజుల్లోనూ తంగేడు పొదకు నాలుగు పూలు దొరుకుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టండి. రెంటికీ కేసరాలు పదే. రేల పువ్వులో కిందివైపు మూడు కేసరాల కాడలు బాగా పొడుగు. ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేస్తాయి, మెలిక తిరిగిన కొక్కెంలాగా. కాడ పొడవు ముందు పుప్పొడి తిత్తి చాలా చిన్నది. తంగేడులో ఆ మెలిక ఉండదు. కాడ తిన్నగానో కాస్త వంగో ఉంటుంది, పొడవు తిత్తికి రెండింతలు దాటదు. కాయ చూసినా తెలుస్తుంది. రేలకాయ రోకలిలా గుండ్రం, తనంతట తాను పగలదు. తంగేడు కాయ పలచటి పట్టీ, గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టుంటుంది.

రికార్డులో మార్కులు పోయేది పేరు దగ్గర కంటే రాత దగ్గరే ఎక్కువ. చేత్తో రోమన్ లిపిలో రాసేటప్పుడు ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతి పేరు మొత్తం చిన్న అక్షరాలు. రెండు మాటల కింద విడివిడిగా గీత గీయాలి, కలిపి ఒకే గీత లాగొద్దు. రాక్స్‌బర్గ్ పేరు కింద గీత ఉండదు.

ప్రశ్న: ఇప్పపువ్వు కొనే వ్యాపారులు తెచ్చే కాగితాల్లో ఒకసారి బాసియా లాటిఫోలియా, ఒకసారి మధుకా ఇండికా, ఇంకోసారి మధుకా లాంగిఫోలియా అని ఉంటుంది. ఇవి మూడు వేర్వేరు చెట్లా?
– అటవీ ఉత్పత్తుల సంఘం సభ్యుడు, ములుగు

జవాబు: మన అడవుల్లోని ఇప్పచెట్టు ఒక్కటే, పేర్లు మాత్రం పోగుపడ్డాయి. ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది ఇంటిపేరుది. దక్షిణాదిలో పనిచేసిన కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు (కాకినాడ దగ్గర జగన్నాథపురంలో 1785లో చనిపోయాడు), ఇప్పకు బాసియా అని పెట్టిన పేరు 1771లో అచ్చయింది. అయితే అంతకు ఐదేళ్ల ముందే, 1766లో, అల్లియోని అనే ఆయన ఇంకో మొక్కకు అదే పేరు పెట్టేశాడు. అది తోటకూర వైపు బంధువు, ఇప్పతో ఏ సంబంధమూ లేదు. మొక్కల్లో ఒక ఇంటిపేరు రెండు ప్రజాతులకు చెల్లదు. ముందు అచ్చయిన దానిదే హక్కు. అందుకే ఇప్ప బాసియా పోయి మధుకా వచ్చింది. మన మధూకమే అది, ఇది మాత్రం మంచి మార్పనే చెప్పాలి.

రెండోది సొంత పేరుది. సన్నటి పొడుగాకుల ఇప్పను లాంగిఫోలియా అన్నారు, వెడల్పాకుల ఇప్పను రాక్స్‌బర్గ్ లాటిఫోలియా అన్నాడు. ఆ రెండూ ఒకే జాతిలోని రెండు రకాలని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. రెంటినీ కలిపినప్పుడు ముందు పుట్టిన పేరు నిలుస్తుంది కాబట్టి జాతి పేరు మధుకా లాంగిఫోలియా. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కనిపించే వెడల్పాకుల చెట్టును మధుకా లాంగిఫోలియా రకం లాటిఫోలియా అని రాయాలి. పేరుకు 'పొడుగాకులది' అని అర్థం ఉండి ఆకు వెడల్పుగా ఉందేమిటని కంగారు పడొద్దు. పేరు అర్థం తప్పినంత మాత్రాన పేరు చెల్లకుండా పోదు.

కాగితం మీద ఈ మూడింట్లో ఏది ఉన్నా సరుకు ఒకటే. పక్కన 'ఇప్ప' అని తెలుగులో కూడా రాయించుకోండి, బేరం దగ్గర గొడవుండదు.

ప్రశ్న: పోటీ పరీక్షల పుస్తకం ఒకదాంట్లో టేకు కుటుంబం వెర్బినేసీ అని, ఇంకోదాంట్లో లామియేసీ అని ఉంది. నల్లతుమ్మకు కూడా రెండు పేర్లు. ఏది రాయాలి?
– నిరుద్యోగి, కరీంనగర్

జవాబు: మన కాలేజీల్లో చాలాకాలం చెప్పింది బెంథమ్, హుకర్‌ల పద్ధతి, 1862–83 మధ్య వచ్చింది. పువ్వు ఆకారం చూసి విభజించింది అది. ఇప్పుడు నడుస్తున్నది డీఎన్‌ఏ ఆధారంగా 1998లో మొదలైన ఏపీజీ (పూల మొక్కల వర్గీకరణ మీద పనిచేసే శాస్త్రవేత్తల బృందం) పద్ధతి; నాలుగో కూర్పు 2016లో వచ్చింది. దాని ప్రకారం టేకు తులసి కుటుంబమైన లామియేసీలోకి వెళ్లింది. జిల్లేడు కుటుంబం ఆస్‌క్లెపియడేసీ గన్నేరు కుటుంబంలో కలిసిపోయింది. బూరుగు చెట్టు ఇప్పుడు పత్తి ఉన్న మాల్వేసీలోనే ఉంది. ఆ చివరిది మన పత్తి రైతుకు వింతేమీ కాదు, రెండు కాయలూ పగలగొడితే దూదే కదా. పరీక్షలో 'బెంథమ్, హుకర్ ప్రకారం' అని ఉంటే పాత జవాబు, ఏమీ చెప్పకపోతే మీ సిలబస్ పుస్తకంలో ఉన్నది రాయండి.

నల్లతుమ్మది వేరే కథ. అకేసియా అనే పేరు మొదట ముడిపడి ఉన్నది నల్లతుమ్మతోనే. ప్రజాతిని విడగొట్టాల్సి వచ్చినప్పుడు ఆస్ట్రేలియాలోనే సుమారు వెయ్యి జాతులున్నాయి కాబట్టి పేరు వాటికే వదిలేద్దామని 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఒప్పుకుంది. గొడవ పెద్దదే అయింది. 2011లో మెల్‌బోర్న్ సభ కూడా దాన్నే ఖాయం చేసింది. దాంతో మన నల్లతుమ్మ వాచెలియా నిలోటికా, చండ్ర సెనెగేలియా కాటెచు అయ్యాయి. రోడ్ల పక్కన నాటే ఆస్ట్రేలియా తుమ్మ మాత్రం అకేసియా ఆరిక్యులిఫార్మిస్‌గానే దర్జాగా ఉంది. నియమం ప్రకారం జరిగిందే అయినా, ఇంటి పెద్దకొడుకును బయటికి పంపినట్టుందని అనిపించక మానదు.

ప్రశ్న: వానలకు మా బొప్పాయి తోటలోకి పెద్ద పెద్ద నత్తలొచ్చి లేత ఆకు తినేస్తున్నాయి. ఒకాయన అకటినా అన్నాడు, ఇంకొకాయన లిస్సకటినా అన్నాడు. రెండూ ఒకటేనా? మా పొలం నత్తలు కావని ఎట్లా తెలుసుకోవాలి?
– రైతు, నర్సంపేట

జవాబు: రెండు పేర్లూ ఒక్క నత్తవే. ఆఫ్రికా రాక్షస నత్తను చాలాకాలం అకటినా ఫులికా అన్నారు. లిస్సకటినా అప్పట్లో అకటినాలో ఒక ఉపప్రజాతి. తర్వాత దాన్ని వేరే ప్రజాతిగా నిలబెట్టారు, నత్త అందులోకి వెళ్లింది. ఇప్పుడు రాసేది: లిస్సకటినా ఫులికా (బౌడిచ్, 1822). తంగేడు జవాబు చదివినవాళ్లు ఇక్కడ తేడా గమనించే ఉంటారు. జంతువుల పేర్లలో బ్రాకెట్ ఉంటే 'ఇల్లు మారింది' అనే అర్థం, కానీ మార్చినవాడి పేరు రాయరు. మొదటివాడి పేరు, కామా, సంవత్సరం, అంతే. ఈ నత్త మన దేశానికి తనంతట తాను రాలేదు. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలాడు.

గుర్తుపట్టడానికి ఒక ఖాళీ గుల్ల తీసుకోండి. మొన పైకి, నోరు మీ వైపు ఉండేట్టు పట్టుకోండి. గుల్ల వెడల్పుకు ఎత్తు దాదాపు రెండింతలు ఉండాలి. ఎదిగినదానికి ఏడు నుంచి తొమ్మిది చుట్లు, ఎత్తు మామూలుగా 5 నుంచి 10 సెంటీమీటర్లు, గోధుమరంగు నిలువు చారలు. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు నోటి లోపలుంది. చుట్లన్నీ తిరిగే నడిమి కంబం కింది కొసకు వేలు పోనివ్వండి. అది పెదవిలోకి నున్నగా కలిసిపోకుండా కత్తితో కోసినట్టు ఠక్కున ఆగిపోతుంది. పిల్ల నత్తలోనూ ఇది ఉంటుంది. గుల్ల అడుగున బొడ్డులాంటి గుంట ఉండదు.

వరి మళ్లలో, చెరువుల్లో ఉండే నత్తగుల్ల పిలా గ్లోబోసా. అది గుండ్రంగా బంతిలా ఉంటుంది, నోటికి గట్టి మూత ఉంటుంది. ఆఫ్రికా నత్తకు అట్లాంటి మూత లేదు. ఎండాకాలంలో నోటికి తెల్లటి పొర కట్టుకుంటుంది, దాన్ని మూత అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. వానకు గోడల మీద పాకే చపటైన, పలచటి గుల్లల చిన్న నత్తలు మన దేశానివే, అరియోఫాంటిడే కుటుంబానివి. వాటిని చంపాల్సిన పని లేదు.

ఆఫ్రికా నత్తే అని తేలితే, సాయంత్రం తడి గోనె సంచుల కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ముక్కలు పెట్టండి. తెల్లారి ఎండెక్కకముందే ఏరి, పది లీటర్ల నీళ్లలో కిలో ఉప్పు కలిపిన బకెట్లో వేసి, చచ్చాక లోతుగా పూడ్చండి. ఉప్పు నేరుగా చేలో చల్లొద్దు, నత్త పోయినా నేల చెడుతుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఈ నత్తలో ఉండొచ్చు, అది మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది. నత్తల మందు మెటాల్డిహైడ్ బిళ్లలు పనిచేస్తాయి గానీ కుక్కలు తింటే చస్తాయి. ఇంటి దగ్గరి తోటలో వాటి జోలికి పోకపోవడమే మేలు. మట్టిలో పైపైనే గుంపులుగా ఉండే జొన్నగింజంత లేత పసుపు గుడ్లను వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదలు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో నత్తగుల్లల ప్రాజెక్టు చేయిస్తున్నాను. పోయినేడు యాసిడ్‌తో కడిగితే గుల్లలు పాడయ్యాయి. ఎట్లా దాచాలి, ఏం కొలవాలి? కుడిచుట్టు, ఎడమచుట్టు అంటే ఏమిటి?
– జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, జమ్మికుంట

జవాబు: గుల్లంటే సున్నమే, కాల్షియం కార్బనేట్. యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ ఏది తగిలినా కరుగుతుంది. బ్లీచింగ్ కూడా వద్దు. గుల్ల పైన పలచటి చర్మంలాంటి పొర ఉంటుంది. కొన్ని జాతులకు రంగూ, నూగూ అందులోనే ఉంటాయి. అది పోతే పేరు పట్టుకోవడం కష్టం. మామూలు నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. నీడలో ఆరబెట్టండి.

పిల్లలతో ఖాళీ గుల్లలే ఏరించండి. చెరువు కట్ట కింద, పాత గోడల పక్కన, చింతచెట్టు కింద ఆకుచెత్తలో వెతకాలి. ఐదు మిల్లీమీటర్లు కూడా లేనివి చాలా ఉంటాయి, అవి కంటికి ఆనవు. ఎండు ఆకుచెత్తను రెండు మిల్లీమీటర్ల జల్లెడతో తెల్ల పళ్లెంలోకి జల్లిస్తే బయటపడతాయి. ఒక్కోచోటి గుల్లలను ఒక్కో డబ్బాలో వేసి ఊరు, చోటు, తేదీ, ఏరినవాళ్ల పేరు పెన్సిల్‌తో రాసి చీటీని లోపలే పెట్టండి. పైన అంటించిన చీటీ ఊడిపోతే ఆ గుల్లకు ఇక విలువ లేదు.

కొలిచేది మూడు: ఎత్తు, వెడల్పు, చుట్ల సంఖ్య. వెర్నియర్ కాలిపర్స్‌తో మిల్లీమీటర్‌లో పదో వంతు దాకా చూడండి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు గుల్లను మొన వైపు నుంచి చూడాలి. మొదటి చుట్టు మొదలైన చోట అడ్డంగా ఒక గీత ఊహించుకుని, చుట్టు ఎన్నిసార్లు ఆ గీత దాటిందో లెక్కించి, మిగిలింది పావో సగమో రాయాలి. పిల్ల గుల్లలను పెద్దవాటితో కలిపి కొలవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎదగని గుల్ల ఎత్తు, వెడల్పుల నిష్పత్తే వేరు. అది వేరే జాతి అనుకునే ప్రమాదం ఉంది.

ఇక చుట్టు. మొన పైకి, నోరు మన వైపు. నోరు కుడి పక్కకు ఉంటే కుడిచుట్టు, ఎడమకు ఉంటే ఎడమచుట్టు. ఎక్కువ నత్తలు కుడిచుట్టే. మన దేశపు అరియోఫాంటా ప్రజాతిలో ఎడమచుట్టు మామూలు. ఇక్కడ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: మరి దక్షిణావర్త శంఖం? పూజలో అపురూపంగా చూసే ఆ శంఖం శాస్త్రం లెక్కలో ఎడమచుట్టు. సంప్రదాయంలో శంఖాన్ని మొన కిందికి, నోటి కొస పైకి ఉండేలా పట్టి చూస్తారు. శాస్త్రంలో దానికి తలకిందులుగా పట్టుకుంటారు. చూసే తీరు మారింది గానీ గుల్ల అదే. శంఖాన్ని పిల్లల చేతికిచ్చి రెండు విధాలా పట్టించండి, పాఠం చెప్పనక్కర్లేదు.

గుల్ల ఒక్కదాంతో అరియోఫాంటిడే నత్తల జాతి పేరు దాకా వెళ్లలేమని కూడా చెప్పండి. చాలావాటికి లోపలి జననాంగాలు కోసి చూడాలి. 'మాక్రోక్లామిస్ ప్రజాతి, జాతి తేలలేదు' అని నిజాయితీగా రాసిన ప్రాజెక్టుకే మార్కులెక్కువ వేయండి.

ప్రశ్న: రావిచెట్టు కోసం 'ఫైకస్' అని వెతికితే సముద్రపు గవ్వల బొమ్మలొచ్చాయి. తప్పా?
– పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: తప్పు కాదు. మొక్కల పేర్లకు ఒక నియమావళి, జంతువుల పేర్లకు ఇంకొకటి. ఒకటి రెండోదాన్ని పట్టించుకోదు. మర్రి, రావి, మేడి ఉన్న ప్రజాతి ఫైకస్. అంజీర పండు ఆకారంలో ఉండే ఒక సముద్రపు నత్త ప్రజాతి కూడా ఫైకస్సే. ఇంకో తేడా కూడా ఉంది. జంతువుల్లో ఇంటిపేరు, సొంత పేరు ఒకటే కావొచ్చు: నాగుపాము నాజా నాజా, చుక్కల దుప్పి ఆక్సిస్ ఆక్సిస్. మొక్కల్లో అది కుదరదు. రావి పేరు 'రెలిజియోసస్' కాకుండా 'రెలిజియోసా' ఎందుకైందంటే లాటిన్‌లో చెట్లు ఎక్కువగా స్త్రీలింగం, ఫైకస్ కూడా అంతే.

ప్రశ్న: వరంగల్ చపాటా మిర్చి శాస్త్రీయ నామం ఏమిటి?
– మిర్చి రైతు, పరకాల

జవాబు: కాప్సికమ్ ఆన్యుమ్. మన పచ్చిమిర్చి, ఎండుమిర్చి రకాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క జాతివే. 'చపాటా' అనేది సాగు రకం పేరు. దాన్ని లాటిన్‌లోకి తిప్పి మూడో మాటగా అంటించొద్దు.

ప్రశ్న: గుట్టల మీద ఒక చిన్న మొక్క దొరికింది, ఏ పుస్తకంలోనూ కలవడం లేదు. కొత్త జాతే అయితే 'వరంగలెన్సిస్' అని పేరు పెట్టొచ్చా?
– పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: పెట్టొచ్చు, ఊరి పేరుకు 'ఎన్సిస్' తగిలించడం సరైన పద్ధతే. కానీ పేరు చివరి మెట్టు. పుస్తకంలో కలవని మొక్కల్లో చాలావరకు పువ్వు సరిగ్గా చూడనివో, వేరే రాష్ట్రం పుస్తకంలో ఉన్నవో అయి తేలుతాయి.

ముందు నమూనా సరిగ్గా ఉండాలి. పువ్వు, కాయ, వేరు మూడూ ఉన్న మొక్కలు ఐదారు తీసుకోండి. అక్కడ పదే ఉంటే ఒకటే తీయండి. అభయారణ్యమైతే అటవీశాఖ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ప్రెస్‌లో పెట్టేటప్పుడు ఒక ఆకైనా వెనక్కి తిప్పండి, అడుగు భాగం కనిపించాలి. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితాలు మార్చండి. వానాకాలంలో మార్చకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. కండగల మొక్కను కొన్ని సెకన్లు వేడినీళ్లలో ముంచి పెట్టకపోతే ప్రెస్‌లోనే పెరుగుతూ ఆకులు రాల్చేస్తుంది. పూల రంగు, వాసన, పాల కారుడు ఎండాక తెలియవు, అక్కడికక్కడే రాసుకోండి. ఎండిన మొక్కను 42 × 28 సెంటీమీటర్ల షీట్‌కు కుట్టి, కుడివైపు కింద లేబుల్ పెట్టండి.

తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం హెర్బేరియంలోనూ (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు), హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే కేంద్రంలోనూ ఉన్న షీట్లతో పోల్చండి. అప్పటికీ కొత్తదే అనిపిస్తే ఆ ప్రజాతి మీద పనిచేసేవారికి చూపించండి. చివరగా ప్రచురణ. వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నిబంధన 2012 జనవరి 1 నుంచి లేదు, ఇంగ్లిష్‌లోనైనా సరే. ఒకే ఒక్క నమూనాను 'హోలోటైప్' (ఆ పేరుకు ఆధారమైన నమూనా) అని చెప్పి, అది ఏ హెర్బేరియంలో ఉందో రాయాలి. ఆ మాట మరిచిపోతే మొక్క ఎంత కొత్తదైనా పేరు చెల్లదు. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో నమూనా జమ చేయడం కూడా తప్పనిసరి.